చెయిన్లు డిక్కీలో ఉంటే సరిపోదు

ప్రశ్న: మేం ఫ్రీమాంట్‌లో ఉంటాం. మా అత్తయ్య, మామయ్య ఒంగోలు నుంచి వచ్చి నాలుగు నెలలైంది. వెళ్లేలోపు వాళ్లకు మంచు చూపించాలని జనవరి లాంగ్ వీకెండ్‌కి కొండల మీదున్న సౌత్ లేక్ తాహోలో గది బుక్ చేశాం. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరి సోమవారం రాత్రికి వచ్చేస్తాం. బుధవారం వాళ్ల ఫ్లైట్. మాది క్యామ్రీ, ఫ్రంట్ వీల్ డ్రైవ్. టైర్లు ఆల్ సీజన్‌వే, అవసరమైతే మంచులో జారకుండా టైర్లకు తొడిగే చెయిన్లు దారిలో కొనుక్కోవచ్చు, వేయడానికి కూడా మనుషులుంటారు అని మా ఆయన ధీమా. నాకు తల్చుకుంటేనే టెన్షన్‌గా ఉంది. పైగా మామయ్యకు షుగర్, ఇన్సులిన్ తీసుకుంటారు. వెళ్లమంటారా, మానేయమంటారా? వెళ్తే ఆ చెయిన్ల సంగతేమిటో కాస్త వివరంగా చెప్పండి.

సమాధానం: వెళ్లండి. శీతాకాలం పొడుగునా ప్రతి వారాంతం వేలమంది ఆ కొండెక్కి దిగుతూనే ఉంటారు. మంచు చూపించకుండా పెద్దవాళ్లని పంపించేయాల్సినంత భయమేమీ అక్కర్లేదు. కానీ మీరు రాసిన టైముల ప్రకారం మాత్రం వద్దు. మీ ఉత్తరం చదువుతుంటే చెయిన్ల కంటే ముందు నన్ను కంగారు పెట్టినవి రెండు మాటలు: "శుక్రవారం ఆఫీసు అయ్యాక", "బుధవారం ఫ్లైట్".

శుక్రవారం సాయంత్రం ఫ్రీమాంట్‌లో బయల్దేరితే ట్రాఫిక్‌లో ఈదుకుంటూ ప్లాసర్‌విల్ చేరేసరికి రాత్రి తొమ్మిదో పదో అవుతుంది. అసలు కొండ మొదలయ్యేది అక్కడి నుంచే. శాక్రమెంటో దాదాపు సముద్రమట్టంలో ఉంటే మీరు తాహోకి వెళ్లే యూఎస్-50 హైవే మీద ఎకో సమ్మిట్ అనే కనుమ సుమారు 7,380 అడుగుల ఎత్తు. కింద ఊళ్లో సన్నగా వాన పడుతున్న రాత్రి, పైన అదే వాన దట్టమైన మంచుగా కురుస్తుంటుంది. వారమంతా పనిచేసి అలిసిన మనిషి, ఆ చీకట్లో, జీవితంలో మొదటిసారి చెయిన్లు వేయడానికి రోడ్డు పక్కన మోకాళ్ల మీద కూర్చోవడం ఎందుకు చెప్పండి? శుక్రవారం రాత్రి ఫోల్సమ్‌లోనో ప్లాసర్‌విల్‌లోనో ఏదో ఒక హోటల్లో పడుకుని, శనివారం తెల్లవారాక ఎక్కండి. వెలుగులో రోడ్డు కనబడుతుంది, అవతలివాళ్లకు మీరూ కనబడతారు.

తిరుగు ప్రయాణం సోమవారం పెట్టుకోవద్దు. ఆ రోజు తాహోకి వచ్చినవాళ్లంతా ఒకేసారి దిగుతారు. దానికి మంచు తోడైతే గంటల కొద్దీ ఒకేచోట ఉండాల్సి వస్తుంది. అంతకంటే పెద్ద సంగతి, ఈ రోడ్లు మూసేస్తారు. 2021 క్రిస్మస్ తర్వాతి రోజుల్లో ఆ కొండలు దాటే ఐ-80, యూఎస్-50 హైవేలు రెండూ మూతపడ్డాయి. 2024 మార్చి మొదట్లో వచ్చిన మంచు తుపానుకి ఐ-80 ఆ వారాంతమంతా బంద్. అలాంటప్పుడు చెయిన్లు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఆదివారం పొద్దున్నే బయల్దేరి, సోమవారాన్ని చేతిలో ఉంచుకోండి. రోడ్డు మూసినా ఒక రోజు ఆగొచ్చు, ఫ్లైట్ పోదు. ఆ చుట్టుపక్కల జనవరిలో సాయంత్రం అయిదుకల్లా పొద్దు పోతుంది. పగలు కరిగిన నీరు అప్పుడే మళ్లీ గడ్డకట్టడం మొదలవుతుంది. అందుకే మధ్యాహ్నంలోపు కొండ దిగిపోవాలి.

ఇక మీ వారి ధీమా సంగతి. ఆల్ సీజన్ టైర్ల విషయంలో ఆయన మాట సగం నిజం. కాలిఫోర్నియాలో రోడ్ల శాఖ కాల్‌ట్రాన్స్ మూడు స్థాయిల్లో ఆంక్షలు పెడుతుంది. ఆర్-1 అంటే చెయిన్లు గానీ స్నో టైర్లు గానీ ఉండాలి. టైరు పక్కగోడ మీద ఎం, ఎస్ అక్షరాలు ఉండి, గాడి లోతు అంగుళంలో 32వ వంతులు ఆరు, అంటే దాదాపు 4.8 మిల్లీమీటర్లు ఉంటే దాన్ని స్నో టైరు కిందే లెక్కేస్తారు. చాలా ఆల్ సీజన్ టైర్ల మీద ఆ అక్షరాలుంటాయి. కాబట్టి ఆర్-1 ఉన్న రోజున, టైర్లు అరిగిపోకుండా ఉంటే, మీ క్యామ్రీని చెయిన్లు వేయకుండానే వదలొచ్చు. అయినా చెయిన్లు కారులో మాత్రం ఉండాల్సిందే. ఆర్-2 వచ్చిందంటే ఈ వెసులుబాటు పోతుంది. నాలుగు చక్రాలకూ స్నో టైర్లున్న ఆల్ వీల్ డ్రైవ్ బండ్లు (ఇంజిన్ నాలుగు చక్రాలనూ తిప్పేవి) తప్ప మిగతావన్నీ చెయిన్లు వేసుకోవాలి. ఆర్-3లో ఎవరికీ మినహాయింపు లేదు. సాధారణంగా ఆర్-3 దాకా రాకముందే రోడ్డు మూసేస్తారు. గట్టిగా మంచు పడే రోజున మీకు ఎదురయ్యేది ఆర్-2. టైరు గాడి లోతు కొలిచే చిన్న గేజ్ ఆటో పార్ట్స్ షాపుల్లో చవగ్గా దొరుకుతుంది. కొని కొలవండి. కొలిచాక ఇంట్లో వాదన ఉండదు.

మీ స్నేహితులెవరైనా ఆల్ వీల్ డ్రైవ్ కారు ఇస్తామంటే మంచిదే, తీసుకోండి. అయితే నాలుగు చక్రాలూ తిరిగితే కదలడం తేలికవుతుందే గానీ ఆగడం తేలిక కాదు. బ్రేకు వేసినప్పుడు పని చేసేది టైరు పట్టు ఒక్కటే. తాహో దారిలో పెద్ద పెద్ద ఎస్‌యూవీలు పక్కకు జారి మంచు గుట్టలో దిగబడి కనిపిస్తే ఆశ్చర్యపోకండి. అద్దె కారు తీసుకుందామా అనుకుంటే ముందు ఒప్పందం చదవండి, చాలా కంపెనీలు తమ కార్లకు చెయిన్లు వేయడాన్ని ఒప్పుకోవు.

దారిలో కొనడం అన్నిటికంటే చెడ్డ ఆలోచన. మంచు పడే రోజున కొండ దగ్గరి బంకుల్లో, షాపుల్లో మీ సైజే అయిపోయి ఉంటుంది, ఉన్నా ధర మండుతుంటుంది. టైరు మీద 215/55 ఆర్17 లాంటి అంకె ఉంటుంది. అది రాసుకుని మీ ఊళ్లోనే కొనండి. కొనేముందు కారు మాన్యువల్లో చెయిన్ల పేజీ తీసి చూడండి. కొన్ని మోడళ్లలో పెద్ద రిమ్ములున్న టైర్లకు చెయిన్లు వేయకూడదని అందులోనే రాసి ఉంటుంది. టైరుకీ లోపలి భాగాలకీ మధ్య సందు తక్కువ ఉండటమే కారణం. అలాంటి కార్లకు సన్నటి కేబుల్ రకం సరిపోవచ్చు, టైరుకు తొడిగే గుడ్డ తొడుగులూ ఉన్నాయి. మాన్యువల్ ఏది ఒప్పుకుంటే అదే కొనాలి.

వేసేవాళ్లు ఉంటారన్నది నిజమే. కాల్‌ట్రాన్స్ పర్మిట్‌తో, నంబరున్న బ్యాడ్జి పెట్టుకుని రోడ్డు పక్కన డబ్బులు తీసుకుని చెయిన్లు వేసేవాళ్లుంటారు. వాళ్లు ప్రభుత్వోద్యోగులు కారు. చెయిన్లు అమ్మడానికి గానీ అద్దెకివ్వడానికి గానీ వాళ్లకు అనుమతి లేదు, మీ చెయిన్లు మీరే తెచ్చుకోవాలి. పిలిస్తే తప్పేమీ లేదు, బ్యాడ్జి నంబరు చూసుకుని, రసీదు అడిగి వేయించుకోండి. కానీ మీరు ఆగిన చోట, ఆగిన వేళకు వాళ్లుంటారన్న హామీ లేదు. రెండు మైళ్లు వెళ్లాక చెయిన్ వదులైతే బిగించుకోవాల్సింది మీరే. కాబట్టి నేర్చుకోక తప్పదు.

నేర్చుకోవడానికి సరైన చోటు మీ ఇంటి ముందు డ్రైవ్‌వే. ఈ శనివారమే, ఎండలో, తాపీగా. ఒక చక్రం మీరు, ఒకటి మీ వారు. క్యామ్రీకి ఇంజిన్ తిప్పేది ముందు చక్రాలను కాబట్టి ముందు రెండిటికే వేయాలి. అలవాటు లేనివాళ్లు వెనక చక్రాలకు వేసుకుని, కారు ఎందుకు కదలట్లేదా అని చూడటం కొండ మీద కనిపించే దృశ్యమే. జాకీ అక్కర్లేదు.

డబ్బా తెరవగానే ముందు అందులోని కాగితం చదవండి, ఒక్కో రకానిది ఒక్కో పద్ధతి. మామూలు కేబుల్ చెయిన్ అయితే రెండు పొడవాటి తీగలు, వాటి మధ్య అడ్డంగా ముక్కలు ఉంటాయి. చిక్కులన్నీ విప్పి నేల మీద పరవండి. కొక్కేల కొనలు బయటికి చూడాలి, లోపలికి తిరిగితే టైరు గోడను గీరుతాయి. స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి పెట్టుకుంటే చెయ్యి చక్రం వెనక్కి దూరుతుంది. చెయిన్‌ని టైరు మీంచి కప్పి, ముందు లోపలి కొక్కెం తగిలించి, తర్వాత బయటిది తగిలించాలి. ఈ లోపలి కొక్కెమే మనుషుల్ని ఏడిపించేది. అది కంటికి కనబడదు. వేళ్లతో తడుముకుంటూ పట్టుకోవాలి. మందపాటి గ్లవ్స్‌తో అయితే చేతికి చిక్కదు, గ్లవ్స్ తీస్తే రెండు నిమిషాల్లో వేళ్లు కొయ్యబారతాయి. పొడి నేల మీద కళ్లు మూసుకుని ఆ కొక్కెం తగిలించగలిగితే మీరు పాసైనట్టే. గిన్నెలు తోముకునే పలచటి రబ్బరు గ్లవ్స్ ఈ పనికి బాగా పనికొస్తాయి, లోపలికి తడి రాదు, వేళ్లకు స్పర్శ తెలుస్తుంది.

రెండు కొక్కేలూ పడ్డాక వదులు తీసి, రబ్బరు టెన్షనర్ ఉంటే దాన్ని బయటి తీగ చుట్టూ సమంగా తగిలించాలి. వేలాడే కొసలు ఉండకూడదు. చక్రం తిరిగేటప్పుడు అవి బాడీకి కొట్టుకుంటాయి, బ్రేకు గొట్టాన్ని కూడా దెబ్బతీయొచ్చు. తర్వాత నెమ్మదిగా ఓ వంద గజాలు నడిపి, ఆపి, మళ్లీ బిగించాలి. ఈ రెండో బిగింపు మానేసినవాళ్ల చెయిన్లే తెగి రోడ్డు మీద పడి ఉంటాయి.

కొండ మీద "చెయిన్లు తప్పనిసరి" అన్న బోర్డుకీ తనిఖీ చేసే చోటుకీ మధ్య మామూలుగా ఒక మైలు ఉంటుంది. వేసుకోవడానికి ఇచ్చిన జాగా అదే. రోడ్డుకి కుడిపక్క వెడల్పుగా ఉన్న చోట పూర్తిగా పక్కకు తీసి, హజార్డ్ లైట్లు వేసి, పార్కింగ్ బ్రేక్ వేయండి. అత్తయ్య, మామయ్య కారులోనే బెల్టులు పెట్టుకుని ఉంటారు. "నేనూ ఒక చెయ్యి వేస్తా"నని మామయ్య దిగబోతే మర్యాద చూడకుండా వద్దని చెప్పండి. ట్రాఫిక్ వైపున్న చక్రం దగ్గర మీ వారు కూర్చుంటే మీరు వెనక నుంచి వచ్చే బండ్ల మీద ఒక కన్నేసి ఉంచండి. కింద పరుచుకోవడానికి పాత ఫ్లోర్ మ్యాట్, తలకు పెట్టుకునే లైటు, పాత రెయిన్‌కోటు ముందే పెట్టుకోండి. వీటిని డిక్కీలో సూట్‌కేసుల కింద మాత్రం పెట్టొద్దు.

ఇక నడపడం. చెయిన్లతో వేగం గంటకు 25 నుంచి 30 మైళ్లు, అక్కడి బోర్డు ఎంతంటే అంత. వెనకవాడు మీద పడేలా వస్తే పక్కకు తీసి దారివ్వండి, వాడి హడావుడి మీకొద్దు. క్రూజ్ కంట్రోల్ తీసేయండి. స్టీరింగ్ గానీ బ్రేక్ గానీ యాక్సిలరేటర్ గానీ ఒక్కసారిగా వాడొద్దు. ఎక్కేటప్పుడు చక్రం ఊరికే తిరుగుతుంటే ఇంకా తొక్కకండి, తొక్కితే చెయిన్ తెగుతుంది. పట్టు దొరికేదాకా కాలు తేలిక చేయండి.

జాగ్రత్త ఎక్కువ కావాల్సింది దిగేటప్పుడు. ఎకో సమ్మిట్ దాటాక మేయర్స్ అనే ఊరి వైపు రోడ్డు కొండ అంచున నిటారుగా దిగుతుంది. చెయిన్లు ముందు చక్రాలకే ఉంటాయి కాబట్టి ముందు భాగం పట్టుకుంటుంది, వెనక భాగానికి ఆ పట్టు లేదు. మలుపులో బ్రేకు గట్టిగా వేస్తే కారు తోక పక్కకు తిరుగుతుంది. అందుకని మలుపుకి ముందే, తిన్నగా ఉన్న చోటే వేగం తగ్గించుకోవాలి. తిరుమల ఘాట్‌లో బస్సు డ్రైవర్లు దిగే తీరు గుర్తుందా? బ్రేకు మీద కాకుండా చిన్న గేరు మీద దిగుతారు. మీరూ గేరు కిందికి దించండి, హైబ్రిడ్ అయి, వేగాన్ని ఇంజిన్‌తో తగ్గించే బి మోడ్ ఉంటే అందులో పెట్టండి. గట్టిగా బ్రేకు వేయాల్సి వచ్చి, చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ పనిచేస్తే పెడల్ పాదం కింద దడదడలాడుతుంది. భయపడి కాలు తీయకండి, అలాగే నొక్కి పట్టుకోండి. జారితే లోయ వైపు చూడకుండా, ఎటు వెళ్లాలో అటు చూస్తూ స్టీరింగ్ అటే మెల్లగా తిప్పండి.

మంచు తోసే బండి కనిపిస్తే దాన్ని దాటే ప్రయత్నం చేయొద్దు, దూరంగా వెనకే వెళ్లండి, దాని వెనక రోడ్డే అన్నిటికంటే మంచి రోడ్డు. "టక్ టక్"మని కొట్టుకునే శబ్దం వస్తే చెయిన్ వదులైందని అర్థం, జాగా చూసి వెంటనే ఆపండి. తారు కనిపించగానే లేన్‌లోనే ఆపి చెయిన్లు తీసేయకండి. ఆంక్షలు ముగిశాయన్న బోర్డు వచ్చాక, పక్కన జాగా చూసుకుని తీయండి. అలాగని పొడి రోడ్డు మీద వాటితోనే మైళ్ల కొద్దీ నడిపితే టైరూ పాడవుతుంది, చెయిన్లూ పాడవుతాయి.

బయల్దేరే ముందు కాల్‌ట్రాన్స్ క్విక్‌మ్యాప్ యాప్ చూడండి, లేదా 800-427-7623కి ఫోన్ చేస్తే ఆ గంటలో ఏ రోడ్డు మీద ఏ ఆంక్ష ఉందో చెప్తుంది. మెయిన్ రోడ్డు మూసినప్పుడు ఫోన్‌లోని మ్యాప్ ఏదో చిన్న అడ్డదారి చూపిస్తుంది. ఆ దారి మంచు తీయనిది అయ్యుండొచ్చు, అక్కడ సిగ్నల్ కూడా ఉండదు. నమ్మి వెళ్లొద్దు.

ట్రాఫిక్‌లోనే ఆరు గంటలు ఇరుక్కుంటే ఎలా అన్నది మామయ్య విషయంలో ముఖ్యం. ఆయన మందులు, ఇన్సులిన్ చేతిసంచిలో, కారు లోపల ఉండాలి. ఇన్సులిన్ గడ్డకడితే ఇక పనికిరాదు, కాబట్టి రాత్రి కారులోనో డిక్కీలోనో వదిలేయొద్దు, హీటర్ గాలి తగిలే చోటా పెట్టొద్దు. షుగర్ పడిపోతే ఇవ్వడానికి గ్లూకోజ్ బిళ్లలో జ్యూసో అందుబాటులో ఉంచండి. తినడానికి పులిహోర, చపాతీలు, ఫ్లాస్కులో వేడినీళ్లు, కప్పుకోవడానికి రెండు దుప్పట్లు. పెట్రోలు సగానికి తగ్గకముందే నింపుకోండి. కారు మంచులో కూరుకుని ఆగిపోతే హీటర్ కోసం ఇంజిన్ వేసేముందు దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయాలి. అది మూసుకుంటే కార్బన్ మోనాక్సైడ్ కారు లోపలికి వస్తుంది, దానికి వాసన ఉండదు. మళ్లీ మళ్లీ చూసి తీస్తుండాలి. అద్దం కడిగే నీళ్ల ట్యాంకులో మామూలు నీళ్లుంటే గడ్డకడతాయి, చలికి తట్టుకునే ద్రవం పోయించండి.

మంచు కనిపించగానే హైవే పక్కన కారాపి ఫొటోలకూ ఆటలకూ దిగేవాళ్లని చూసి మీరూ దిగకండి. జారిన బండి వచ్చి ఆగేది సరిగ్గా అక్కడే. మంచులో ఆడుకోవడానికే స్నో-పార్క్ అనే పార్కింగ్ స్థలాలున్నాయి. నవంబరు 1 నుంచి మే 30 దాకా వాటికి పర్మిట్ కావాలి, ముందే కొనుక్కోవచ్చు.

ఇంతా చదివాక కూడా గుండె దడ తగ్గకపోతే రైలుంది. ఎమరీవిల్ నుంచి రోజూ పొద్దున బయల్దేరే ఆమ్‌ట్రాక్ కాలిఫోర్నియా జెఫిర్ శాక్రమెంటో, కోల్‌ఫాక్స్ మీదుగా సియెర్రా కొండలెక్కి, డానర్ కనుమ దాటి, తాహోకి ఉత్తరాన ఉన్న ట్రకీ ఊళ్లో ఆగుతుంది. కిటికీ పక్కన కూర్చుని అత్తయ్య కడుపునిండా మంచు చూడొచ్చు, మీ వారూ చూడొచ్చు, కారు నడిపితే ఆయనకు ఆ భాగ్యం ఉండదు. ఆలస్యాలు మామూలే, పెద్ద తుపానొస్తే రైలూ ఆగుతుంది. ఆ కనుమకు ఆ పేరు 1846 చలికాలంలో వలస వస్తూ మంచులో చిక్కుకుపోయిన డానర్ బృందం వల్ల వచ్చింది. సగంమంది దాకా బతకలేదు. ఆ కథ పెద్దవాళ్లకి కొండ దిగాకే చెప్పండి.

కారా రైలా అన్నది ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. నేషనల్ వెదర్ సర్వీస్ పేజీలో బుధ, గురువారాల్లో ఎకో సమ్మిట్ పరిసరాల వాతావరణం చూడండి. శీతాకాలపు తుపాను హెచ్చరిక ఉంటే నిస్సంకోచంగా మానేయండి. సౌత్ లేక్ తాహో గది రద్దు చేసుకుంటే డబ్బులు ఎప్పటిదాకా వెనక్కిస్తారో మాత్రం ఈ రాత్రే చూసుకోండి.